ఎర్ర గుడ్డ ధర

మంగళవారం నేను ఎర్ర జెండా ఎగరేశాను.
సముద్రం ఆ రోజంతా
తోడు పెట్టిన పాలగిన్నెలా
కదలకుండా పడుకుంది.

నూట పన్నెండు పడవలు గెట్ న్దార్ ఇసుక మీదే ఆగిపోయాయి.
ముక్కుల మీద రంగులతో గీసిన వాటి కళ్ళు
పొద్దుగూకేదాకా నన్నే చూశాయి.
తండేలు బిరాన్ వచ్చి
మూడో విడత టీ తాగుతూ లెక్క అప్పజెప్పాడు:
అప్పు మీద తెచ్చిన పెట్రోలు,
కరిగి కాలవైన ఐసు,
ఏడుగురు కుర్రాళ్ళ కూలి.
"అరామ్, నీ గుడ్డ ముక్క బాగా ఖరీదు."

ఏం చెప్పను?
గాలి దారి మార్చుకుంది.
డకార్ ఆఫీసులో అబ్బాయి ఫోన్లో గొణిగాడు,
పదింట ఆరు పాళ్ళు అవకాశం అనే చెప్పాం కదా అని.
పదింట ఆరు పాళ్ళు!
బియ్యం నిండుకున్న ఇళ్ళకి
దాన్ని ఏ తవ్వతో కొలిచి పంచను?

నాలుగేళ్ళ కిందట హెచ్చరిక రాలేదని ఎవరూ అనలేరు.
వచ్చింది.
ఫ్రెంచిలో వచ్చింది.
మా తమ్ముడు న్జాగా తన ఫోనుని
తడి తగలకుండా రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి
ముడి మీద ముడి వేసి దాచుకునేవాడు.
నది సముద్రంలో కలిసే మొగ దగ్గర
పడవ తిరగబడిన మూడోనాడు
ఆ ముడి విప్పకుండానే సముద్రం తిరిగిచ్చింది.
సంచి చింపితే తెర వెలిగింది.
చదవని మెసేజ్ ఒకటి.

పక్కింటి బడిపిల్ల కూడబలుక్కుని చదివింది:
"వాయవ్యం నుంచి గాలి, ముప్పై ముడులు...
గాలికి ముడులేంటి అత్తా?"

నాకు తెలిసినవి వల ముడులు.
ఆ సంచి ముడి.

ఆ తర్వాతే ఈ పని అడిగి మరీ తీసుకున్నాను.
తెల్లవారుజామున నాలుగింటికి రేవు రేడియోలో
చేపలు ఎండబెట్టే మనిషి గొంతు, నాది, మా భాషలో.
మీటర్లు మానేశాను.
"ఇవాళ మొగ దగ్గర అల లేస్తే
వెనకాల మసీదు మీనారు కనిపించదు" అంటాను.
"ఇవాళ వేసిన వల మీది కాదు, గాలిది" అంటాను.
కొందరు నవ్వుతారు.
నవ్వారంటే విన్నారనే.

నారింజ రంగు జాకెట్లు ఇంకా చాలా ఇళ్ళల్లో దిండ్లే.
తొడుక్కుంటే చావుని పిలిచినట్టని ముసలాళ్ళ మాట.
పిలిస్తే వచ్చే చుట్టమా అది?

శనివారం, మూడున్నర.
మళ్ళీ డకార్.
"ఏడు పాళ్ళు," అన్నాడు అబ్బాయి,
గొంతులో వాడికీ మంగళవారం ఉంది.
గుడ్డ చేతిలో పట్టుకుని స్తంభం కింద నిలబడ్డాను.
బయట గాలి లేదు. చుక్కలు కడిగినట్టున్నాయి.
ఇవాళ కూడా తప్పైతే
ఇక ఈ తాడు ఎన్నిసార్లు లాగినా
ఎగిరేది గుడ్డే.

లాగాను.

అరవై నాలుగు ఆగాయి.
నలభై ఎనిమిది వెళ్ళాయి, ముందు బిరాన్‌ది.
వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి చెయ్యి కూడా ఊపాడు,
వెక్కిరింతో ఏమో తెలియలేదు.

పది దాటాక గాలి
ఇసుకని లేపి మా ముఖాలకి కొట్టింది.
కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ళం లెక్కపెట్టాం.
ఇరవై. ముప్పై మూడు.
వలలు కోసేసుకుని వచ్చినవి,
చెయ్యి విరిగిన కుర్రాణ్ణి మోసుకొచ్చినవి.
నలభై ఏడు.
మధ్యాహ్నం నమాజుకి నలభై ఏడు.
సాయంత్రం నమాజుకీ నలభై ఏడే.

చీకటి పడ్డాక, ఇంజను చచ్చిన పడవని
ఇంకో పడవ తాడేసి ఈడ్చుకొచ్చింది.
దిగిన ఏడుగురూ నారింజ రంగులో ఉన్నారు.
ఎనిమిదోవాడు బిరాన్, ఉత్త చొక్కాతో,
వణుకుతూ.

వాడు నా వైపు చూడలేదు.
మోచేతి పొడుగు చేపని
నా బల్ల మీద పడేసి
పొలుసు అంటిన చేతులు చొక్కాకి తుడుచుకుంటూ
ఒక్క మాట అడిగాడు:
"రేపు?"

ఇంకా ఫోను రాలేదన్నాను.

కూర్చున్నాడు.